ఓటు విలువ వేరు, ఓటు బలం వేరు

1969 ఆగస్టు రాష్ట్రపతి ఎన్నికలో అసలు పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్యే జరిగింది. ఒకరు కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, మరొకరు స్వతంత్రంగా నిలబడ్డ వి.వి. గిరి. గెలవాలంటే 4,18,169 ఓట్ల విలువ రావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరికీ కోటా అందలేదు. దాంతో కిందివాళ్లను తప్పిస్తూ, వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ప్రకారం పంచారు. దేశ్‌ముఖ్ ఓట్లు ఎక్కువగా రెడ్డికే మళ్లినా చాల్లేదు. గిరి 4,20,077తో గట్టెక్కారు. రెడ్డి 4,05,427 దగ్గర ఆగిపోయారు.

ఆ రెండో ప్రాధాన్యం కోసమే కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప, దేశ్‌ముఖ్‌ను బలపరిచిన జనసంఘ్, స్వతంత్ర పార్టీల తలుపు తట్టారు. ప్రధాని ఇందిరా గాంధీ వర్గం దాన్నే తప్పుపట్టి, అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటేయమంది. ఆ ఏడాదే కాంగ్రెస్ చీలిపోయింది.

బ్యాలెట్ మీద వేసే 1, 2, 3 అంకెలు మనసులో మాటేనా, లేక ఎత్తుగడా? ఫ్రాన్స్ నౌకాదళ అధికారి, గణితజ్ఞుడు బోర్డా 18వ శతాబ్దంలోనే ఈ చిక్కులో పడ్డాడు. ముగ్గురు పోటీలో ఉంటే మొదటి స్థానానికి 2 మార్కులు, రెండోదానికి 1, మూడోదానికి సున్నా ఇవ్వాలన్నది ఆయన పద్ధతి.

ఒక అపార్ట్‌మెంటు సంఘంలో ఐదుగురు ఓటర్లు ఉన్నారనుకుందాం. ముగ్గురు రావు, శాస్త్రి, ఖాన్ అని వరస రాశారు. మిగిలిన ఇద్దరు శాస్త్రి, రావు, ఖాన్ అన్నారు. లెక్కేస్తే రావుకు 8, శాస్త్రికి 7. ఆ ఇద్దరే కాస్త గడుసుతనం చూపి, ఖాన్ మీద ఏ అభిమానమూ లేకపోయినా ఆయన్ని రెండో స్థానంలో పెట్టి, రావును అడుక్కి తోశారు. ఇప్పుడు రావుకు 6, శాస్త్రికి 7. మనసు మారకుండానే ఫలితం మారింది! తన పద్ధతి నిజాయతీపరుల కోసమేనని బోర్డా అన్నట్టు చెబుతారు.

పద్ధతి మారిస్తే ఈ బెడద పోతుందా అంటే, పోదు. 1973లో అలన్ గిబ్బార్డ్, 1975లో మార్క్ సాటర్త్‌వెయిట్ విడివిడిగా దీన్ని నిరూపించారు. ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో పోటీలో ఉండి, ఎవరైనా గెలిచే వీలుండి, ఫలితం ఒక్కడి చేతిలోనే లేకపోతే, లాటరీ వేయని ఏ పద్ధతిలోనైనా అబద్ధపు ఓటుతో లాభపడే సందర్భం ఒకటైనా ఉంటుంది.

ఇక ఓటు బలం సంగతి. మన రాష్ట్రపతి ఎన్నికలో ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 208, ఆంధ్రప్రదేశ్‌లో 159, తెలంగాణలో 132, సిక్కింలో 7. విలువ ఎంతుంటే బలం అంత అనుకోవడం సహజం. అమెరికా న్యాయవాది జాన్ బాంజాఫ్ 1965లో ఆ నమ్మకాన్నే ప్రశ్నించాడు. తన ఓటుతో ఫలితం తారుమారయ్యే సందర్భాలు ఎన్ని అన్నదే ఆయన కొలత.

1958లో ఏర్పడ్డ యూరోపియన్ ఆర్థిక సమాజం మంత్రుల మండలిలో పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీలకు తలా 4 ఓట్లు, బెల్జియం, నెదర్లాండ్స్‌లకు తలా 2, లక్సెంబర్గ్‌కు 1. కమిషన్ ప్రతిపాదన నెగ్గడానికి 12 కావాలి. లక్సెంబర్గ్‌ను పక్కన పెడితే అన్నీ సరిసంఖ్యలే కాబట్టి, మిగతావాళ్ల మొత్తం ఎన్నటికీ 11 కాదు. 10 ఉంటే ఆ ఒక్క ఓటు చాలదు, 12 ఉంటే దాని అవసరమే లేదు. పేరుకు ఓటుంది, పనికి లేదు.

1973లో కొత్త దేశాలు చేరి లెక్కలు మారాయి. లక్సెంబర్గ్‌కు 2 ఓట్లు, నెగ్గడానికి 41. నాలుగు పెద్ద దేశాలు కలిస్తే 40 వచ్చేది.