నగరంలో వృద్ధుల నర్సింగ్ హోమ్‌ను ఎంచుకోవడం

మన వైపు 'నర్సింగ్ హోమ్' అనగానే కాన్పులు, చిన్న ఆపరేషన్లు జరిగే పది ఇరవై పడకల ప్రైవేటు ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. అమెరికా, బ్రిటన్ వంటి దేశాల్లో ఆ మాటకు అర్థం వేరు. తమ పనులు తాము చేసుకోలేని వృద్ధులు నెలల తరబడి, ఏళ్ల తరబడి ఉండి నర్సుల సేవ పొందే చోటును అక్కడ నర్సింగ్ హోమ్ అంటారు. ఈ పాఠంలో మనం ఆ రెండో అర్థాన్నే తీసుకొంటున్నాం. హైదరాబాద్‌లో ఇటువంటివి ఓల్డేజ్ హోమ్, ఎల్డర్ కేర్ సెంటర్, అసిస్టెడ్ లివింగ్ వంటి బోర్డులతో కనిపిస్తాయి. బోర్డును బట్టి లోపల ఏ సేవ దొరుకుతుందో చెప్పలేం.

అవసరాన్ని గుర్తించడం

ఒక ఉదాహరణ చూద్దాం. మీ అమ్మగారికి 74 ఏళ్లు, ఊళ్లో ఒంటరిగా ఉంటున్నారు అనుకోండి. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నగరంలోని ఆసుపత్రివారు పది రోజులు ఉంచుకొని, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లేవారే. అద్దె ఇల్లు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. ఇటువంటప్పుడు చాలామంది కనిపించిన హోమ్‌లన్నింటికీ ఫోన్ చేసి "నెలకెంత?" అని అడుగుతారు. అది రెండో ప్రశ్న కావాలి. అమ్మగారికి ఏయే పనుల్లో మనిషి సాయం కావాలన్నది మొదటి ప్రశ్న.

దీనికి ఒక మంచి సాధనం ఉంది. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు 1963లో ఒక కొలమానాన్ని ప్రచురించారు. అందులో ఆరు పనులు ఉన్నాయి: స్నానం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లిరావడం, మంచం మీది నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, అన్నం తినడం. ఒక్కొక్క దాని ఎదుట 'తానే చేసుకొంటారు', 'సాయం కావాలి' అని రాయండి. ముక్కు గొట్టం, యూరిన్ పైపు, ఇన్సులిన్ వంటివి ఉంటే వాటినీ చేర్చండి. మతిమరుపు జబ్బు ఉండి, చెప్పకుండా బయటికి వెళ్లిపోయే అలవాటు ఉంటే దాచకండి. తమంత తాము నడవగలిగేవారినే చేర్చుకొనే వృద్ధాశ్రమాలు చాలా ఉన్నాయి. సంగతి దాచి చేర్పిస్తే, వారం తిరగకముందే మళ్లీ వెతుక్కోవలసి వస్తుంది.

ఇంకో మాట. చేరబోయేది అమ్మగారు. మాట స్పష్టంగా రాకపోయినా, ఆమెకు విషయం చెప్పి, ఆమె ఏమంటున్నారో కనుక్కోవాలి. 'డాక్టరుకు చూపించి వచ్చేద్దాం' అని తీసుకెళ్లి వదిలేసి రావడం మోసం. మొదట ఒక నెల ఉండి చూద్దామన్న ఒప్పందం ఇద్దరికీ ఊరటనిస్తుంది.

రాత్రి ఎవరుంటారు?

హోమ్‌ను చూడటానికి వెళితే రంగులు, సోఫాలు, టీవీ చూపిస్తారు. మీరు మాత్రం రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారని అడగండి. మంచంలోనే ఉండేవారికి ఒకే చోట ఒత్తిడి పడి నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. అలా పడకుండా సాధారణంగా రెండు గంటలకోసారి పక్క మార్చాలని చెబుతారు. ఒక లెక్క వేసి చూద్దాం. మంచంలో ఉన్నవారు ఆరుగురు, రాత్రికి ఆయాలు ఇద్దరు. ఒకరిని తిప్పి, తడిసిన బట్ట మార్చడానికి ఇద్దరూ కలిసి పది నిమిషాలు పట్టిందనుకొంటే, ప్రతి రెండు గంటల్లో ఒక గంట అందుకే పోతుంది. ఆ గంటలో మరో గదిలో ఎవరైనా పిలిస్తే పలికేవారు ఉండరు. ఇక ఒక్క ఆయానే ఉన్నచోట పక్క మార్చడం జరుగుతుందని నమ్మడం కష్టం. పక్క మార్చిన వేళలు రాసే చార్టు ఉంటే చూపించమనండి.

ఒకసారి చెప్పి వెళ్లండి, ఇంకోసారి చెప్పకుండా భోజనాల వేళకు వెళ్లండి. చేత్తో తినలేనివారికి ఎవరు తినిపిస్తున్నారు, ఎంత నిదానంగా తినిపిస్తున్నారు? నీళ్ల గ్లాసు చేతికి అందేచోట ఉందా? గోళ్లు కత్తిరించి ఉన్నాయా? మూత్రం వాసన వస్తే అనుమానించినట్లే, ఫినాయిల్ వాసన గుప్పుమన్నా కాస్త ఆలోచించండి. ఆఫీసు గది దాటి లోపలికి రానివ్వకపోతే అక్కడితో ఆ హోమ్ సంగతి వదిలేయవచ్చు.

దూరం సంగతి కూడా ఉంది. ఊరి చివర చెట్లు, గాలి, విశాలమైన ఆవరణ ఉన్న హోమ్‌లు మనసును లాగుతాయి. కాని రెండు గంటల ప్రయాణమైతే మీరు నెలకోసారే వెళతారు. అరగంట దూరంలో ఉన్న మామూలు హోమ్‌కు వారానికి రెండుసార్లు వెళ్లగలరు. తరచుగా వచ్చి చూసే బంధువు ఉన్న మనిషిని సిబ్బంది కూడా కాస్త ఎక్కువ పట్టించుకొంటారు. ఈ పాఠ రచయిత ఓటు దగ్గరి హోమ్‌కే.

డబ్బు, కాగితాలు

నెలసరి మొత్తంలో డైపర్లు, మందులు, ఫిజియోథెరపీ, డాక్టరు ఫీజు కలిశాయో లేదో, మధ్యలో మానేస్తే డిపాజిట్‌లో ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆరోగ్య బీమా ఆదుకొంటుందని ఆశపడకండి. స్నానం, తిండి వంటి దైనందిన పనుల్లో సాయానికయ్యే ఖర్చు, నర్సింగ్ హోమ్‌లో పొందినా సరే, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ప్రామాణిక మినహాయింపుల్లో ఉంది. సొసైటీగానో ట్రస్టుగానో నమోదైన కాగితం చూపితే ఆ సంస్థ ఉన్నదని తెలుస్తుంది, సేవ ఎలా ఉంటుందో తెలియదు.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. తమను చూసుకోవాలన్న షరతుతో వృద్ధులు ఆస్తి రాసి ఇచ్చిన తరువాత, తీసుకొన్నవారు ఆ మాట తప్పితే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి తగ్గకుండా వసతి ఉండే గృహాలను ప్రభుత్వాలు నెలకొల్పవచ్చునని కూడా ఆ చట్టంలో ఉంది. వృద్ధుల సమస్యలపై సలహాకు 14567 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీకు తెలిసిన ఒక వృద్ధుడు లేదా వృద్ధురాలి విషయంలో పైన చెప్పిన ఆరు పనుల పట్టిక తయారు చేయండి. దాన్ని వారికి చదివి వినిపించి, వారు ఎక్కడెక్కడ మీతో ఏకీభవించలేదో రాయండి.

2. మంచంలో ఉన్నవారు తొమ్మిదిమంది, రాత్రి ఆయాలు ఇద్దరు ఉన్న హోమ్‌లో పక్క మార్చడానికి ఎంత సమయం పడుతుందో లెక్కించండి.