తెరకెక్కని ఖైదీలు

అండమాన్ చరిత్రను ప్రేమకథగా మలచిన 'కాలాపాని' కోసం భాషకో నటుణ్ని వెతికి తెచ్చారు. హోప్ టౌన్ రేవు నుంచి చూస్తే మాత్రం ఆ తారాగణంలో కొన్ని ఖాళీలు కనిపిస్తాయి

చాథమ్ రేవులో ఫెర్రీ ఎక్కితే కొద్దిసేపట్లోనే అవతలి ఒడ్డున బాంబూ ఫ్లాట్ వస్తుంది. ఆ పక్కనే, కొండ పాదాన ఉన్న చిన్న ఊరు హోప్ టౌన్. చుట్టూ పేర్లు మారిపోయాయి. వెనకనున్న మౌంట్ హ్యారియెట్ 2021లో మౌంట్ మణిపూర్ అయింది. ఎదురుగా ఉన్న పోర్ట్‌బ్లెయిర్ 2024లో శ్రీ విజయపురం అయింది. హోప్ టౌన్ మాత్రం బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేరుతోనే మిగిలింది. ఖైదీల దీవిలో ఒక ఊరికి 'ఆశ' అని పేరు పెట్టడంలోని వ్యంగ్యాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

1872 ఫిబ్రవరి 8 సాయంత్రం ఈ రేవులోనే బ్రిటిష్ ఇండియా వైస్రాయ్ లార్డ్ మేయో కత్తిపోట్లకు గురయ్యాడు. కొండ మీద సూర్యాస్తమయం చూసి, కాగడాల వెలుగులో పడవ దగ్గరకు నడుస్తున్న మేయోను వెనక నుంచి పొడిచినవాడు షేర్ అలీ. ఖైబర్ ప్రాంతపు అఫ్రీదీ పఠాన్. ఒకప్పుడు బ్రిటిష్ కొలువులోనే పనిచేశాడు. పెషావర్‌లో ఒక హత్య కేసులో మరణశిక్ష పడి, అది యావజ్జీవ ప్రవాసంగా మారడంతో అండమాన్ చేరాడు. హోప్ టౌన్‌లో క్షురకుడిగా తోటి ఖైదీలకు జుట్టు కత్తిరించేవాడు. పడవ ఓడను చేరేలోపే మేయో ప్రాణం పోయింది. మార్చి 11న వైపర్ దీవిలో షేర్ అలీని ఉరితీశారు. భారతదేశంలో హత్యకు గురైన వైస్రాయ్ మేయో ఒక్కడే.

ఒక దర్శకుడికి ఇంతకంటే ఏం కావాలి? కొండ, సముద్రం, కాగడాలు, కత్తి, సామ్రాజ్యంలో అత్యున్నతుడు, అట్టడుగువాడు. అయినా అండమాన్ అనగానే దక్షిణాది ప్రేక్షకుడికి గుర్తొచ్చే సినిమాలో షేర్ అలీ లేడు. ఆ సినిమా 1996లో విడుదలైన 'కాలాపాని'. అందులో ఎవరున్నారు, ఎవరు లేరు అన్నది కేవలం కాల్‌షీట్లకు సంబంధించిన సంగతి కాదు. పాఠ్యపుస్తకంలో రెండు వాక్యాలకు మించి చోటు దక్కని చరిత్రకు ముఖాన్నిచ్చేది సినిమాయే. ఆ ముఖం ఎవరిదన్నది నిర్ణయమయ్యేది తారాగణం ఎంపికలోనే.

భాషకో ముఖం

ప్రియదర్శన్ దర్శకత్వంలో మలయాళంలో తీసిన ఈ చిత్రం తెలుగు, హిందీ, తమిళాల్లోకీ వెళ్లింది. తమిళంలో దాని పేరు 'సిరైచ్చాలై'. 'పాన్ ఇండియా' అనే మాట పోస్టర్ల మీదికి ఎక్కడానికి చాలా ముందే ఆ సూత్రాన్ని ఈ సినిమా పాటించింది. కథానాయకుడు డాక్టర్ గోవర్ధన్‌గా మోహన్‌లాల్. సాటి ఖైదీ ముకుందన్ అయ్యంగార్‌గా తమిళ నటుడు ప్రభు. సావర్కర్‌గా హిందీ నటుడు అన్నూ కపూర్. ఖైదీలను హింసించే మీర్జా ఖాన్‌గా అమ్రీష్ పురి. గోవర్ధన్ కోసం ఎదురుచూసే పార్వతిగా టబు.

ఈ లెక్కలో వ్యాపారం ఉంది. ప్రతి రాష్ట్రంలోనూ పోస్టర్ మీద ఒక తెలిసిన ముఖం ఉండాలి. తెలుగు ప్రేక్షకుడికి ఆ లోటు పెద్దగా లేదు. 'నిర్ణయం' (1991), 'గాండీవం' (1994) తీసిన ప్రియదర్శన్ మనకు కొత్త కాదు. 'గాండీవం'లో ఒక పాటలో మోహన్‌లాల్ కూడా మెరిశారు. అమ్రీష్ పురి 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 'ఆదిత్య 369' చిత్రాల్లో భయపెట్టి ఉన్నారు. హైదరాబాద్‌లో పుట్టిన టబు 1991లో వెంకటేష్ సరసన 'కూలీ నెం.1'తో కథానాయిక అయ్యారు. 1996లోనే తెలుగులో 'నిన్నే పెళ్లాడతా', హిందీలో 'మాచిస్', తమిళంలో 'కాదల్ దేశం' చేశారు. ఒకే ఏడాది నాలుగు భాషల్లో నాలుగు రకాల ప్రేమికురాలిగా కనిపించిన నటికి, ఏ భాష వారికైనా తమ ఇంటి పిల్ల అనిపించే పార్వతి పాత్ర దక్కడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ ఎంపికకు చరిత్ర మద్దతు కూడా ఉంది. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు గదుల్లో బెంగాల్ విప్లవకారులు, పంజాబ్ గదర్ వీరులు, మహారాష్ట్రీయులు పక్కపక్కనే మగ్గారు. ఒకరి భాష ఒకరికి తెలియని జైలును చూపాలంటే నటులు కూడా నాలుగు దిక్కుల నుంచి రావలసిందే. సినిమా తీసేనాటికి జైలు ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి. మిగతా జైలుకు తెరమీద ప్రాణం పోసిన కళా దర్శకుడు సాబు సిరిల్‌కు, ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్‌కు జాతీయ అవార్డులు దక్కాయి.

తెల్లదొరల పాత్రల్లోనూ ప్రియదర్శన్ అదే పట్టుదల చూపారు. చరిత్రలో నిజంగా ఉన్న జైలర్ డేవిడ్ బ్యారీ పాత్రకు అమెరికన్ నటుడు అలెక్స్ డ్రేపర్‌ను, ఖైదీల పట్ల జాలి చూపే డాక్టర్ పాత్రకు జాన్ కోల్వెన్‌బాక్‌ను తెచ్చారు. 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్ దొరగా జగ్గయ్య నటించారు. ఆయన గంభీర స్వరం ముందు ప్రేక్షకుడు రంగు సంగతి మరిచిపోయాడు. 2022 నాటి 'ఆర్‌ఆర్‌ఆర్'కు వచ్చేసరికి రే స్టీవెన్‌సన్, అలిసన్ డూడీ, ఒలీవియా మోరిస్ విదేశాల నుంచి వచ్చారు. దొర దొరలా కనిపించాలన్న పట్టింపు ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిందే తప్ప తగ్గలేదు. ఖైదీల విషయంలో మాత్రం అంత పట్టింపు కనిపించదు.

పఠాన్ అంటే మీర్జా ఖానేనా?

మీర్జా ఖాన్ పాత్ర గాలిలోంచి పుట్టలేదు. ఖైదీల నుంచే కొందరిని టిండాల్, జమాదార్, పెట్టీ ఆఫీసర్ హోదాల్లో నియమించి మిగతావారిపై పెత్తనం అప్పగించడం బ్రిటిష్ పద్ధతి. రాజకీయ ఖైదీలు రాసుకున్న జ్ఞాపకాల్లో పఠాన్ పెట్టీ ఆఫీసర్ల దౌర్జన్యం పదేపదే వస్తుంది. అమ్రీష్ పురి విగ్రహం, కళ్లు, గొంతు ఆ దౌర్జన్యానికి శాశ్వత రూపాన్నిచ్చాయి. అది నటుడి విజయం. కానీ ప్రేక్షకుడి మనసులో అండమాన్ పఠాన్ అంటే ఆ ముఖం ఒక్కటే మిగిలితే అది చరిత్రకు నష్టం. అదే దీవుల్లో, అదే సముద్రానికి అవతలి ఒడ్డున, వైస్రాయ్‌నే నేలకూల్చినవాడూ పఠానే.

సినిమా తరఫున చెప్పుకోవలసిన సమాధానాలూ ఉన్నాయి. కథ 1915 నాటిది. మేయో హత్య జరిగి అప్పటికే నాలుగు దశాబ్దాలు దాటింది. పైగా షేర్ అలీ కథానాయకుడిగా ఇమడడం కష్టం. అతను వచ్చింది హత్య కేసు మీద. అతని కత్తి వెనక ఉన్నది దేశమా, మతమా, సొంత పగా అన్న చర్చ ఇప్పటికీ తెగలేదు. గోవర్ధన్‌కు ఆ ఇబ్బంది లేదు. రైలు పేల్చాడన్న తప్పుడు నేరం మోపి, పెళ్లిరోజునే లాక్కెళ్లిన నిర్దోషి అతను. ప్రేమకథకు మచ్చలేని నాయకుడు కావాలి. మోహన్‌లాల్ మెతకదనం ఆ పాత్రకు అమిరినట్టు మరేదీ అమరదు. కళ్లముందే ఆ మెతకమనిషి రాటుదేలి, చివరికి మీర్జా ఖాన్‌నూ బ్యారీనీ చంపి ఉరికంబమెక్కుతాడు. తనను హింసించిన అధికారాన్ని సొంత చేతులతో శిక్షించిన ఖైదీ అన్నమాట. షేర్ అలీ చేసిందీ దాదాపు అదే. తెరమీద ఆ పనికి ముందు కథానాయకుడి నిర్దోషిత్వం రుజువు కావలసి వచ్చింది.

ఇంకో ప్రేమకథ

పార్వతి నిరీక్షణే 'కాలాపాని'కి గుండెకాయ. ఆమె ఉన్నది మాత్రం సముద్రానికి ఇవతల, కేరళలో. అండమాన్‌లో నిజంగా జరిగిన పెళ్లిళ్ల కథ వేరు. శిక్షపడి వచ్చిన స్త్రీలకు పోర్ట్‌బ్లెయిర్ సౌత్ పాయింట్‌లో విడిగా జైలు ఉండేది. సత్ప్రవర్తనతో కొన్నేళ్లు గడిపిన పురుష ఖైదీలను జైలు బయట సొంత సంపాదనతో బతకనిచ్చేవారు. అధికారులు ఒప్పుకుంటే వారు మహిళా ఖైదీలను పెళ్లి చేసుకోవచ్చు. ఊర్లు, భాషలు వేరైన ఆ జంటలు హిందుస్తానీలో మాట్లాడుకున్నాయి. వారి సంతానాన్నే దీవుల్లో 'లోకల్ బార్న్' అంటారు. వెనక్కి వెళ్లే దారి లేక కలిసి బతికిన ఆ స్త్రీలలో ఒక్కరి పాత్ర కోసమైనా ఒక టబు లాంటి నటిని వెతికి ఉంటే, ఆ ప్రేమకథలో కన్నీళ్లు తగ్గేవి కావు. పెళ్లికూతురు కూడా ఖైదీయే కావడం అందులోని కొత్తదనం.

తెలుగువారి సంగతీ అంతే. 1857లో హైదరాబాద్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను 1859లో అండమాన్‌కు తరలించారు. ఆయన అక్కడే కన్నుమూశారు. 1922-24 రంప తిరుగుబాటులో పట్టుబడ్డవారిలో కొందరినీ ఈ దీవులకే పంపారు. 'అల్లూరి సీతారామరాజు' చిత్రం నాయకుడి మరణంతో ముగుస్తుంది. ఆయన వెంట నడిచి ఓడ ఎక్కినవారి కథ అక్కడి నుంచి మొదలవుతుంది. దాన్ని ఏ సినిమా అందుకోలేదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తర్వాతి కాలంలో బతుకుదెరువు కోసం వచ్చినవారితో కలిపి 2011 జనాభా లెక్కల నాటికి దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం. తమిళుడికి ముకుందన్ అయ్యంగార్ ఉన్నాడు. తెలుగు ఖైదీకి 'కాలాపాని' ప్రధాన పాత్రల్లో చోటు లేదు. హైదరాబాద్ అమ్మాయి కథానాయికగా ఉన్నా, తెరమీద ఆమె మలయాళీయే.

అండమాన్ జైలు ఇప్పటికీ సినిమాను పిలుస్తూనే ఉంది. 2024లో రణదీప్ హుడా తానే దర్శకత్వం వహించి, తానే సావర్కర్‌గా నటించిన హిందీ చిత్రం వచ్చింది. 1996లో అన్నూ కపూర్ చేసిన సహాయ పాత్ర ఇప్పుడు కథానాయక పాత్ర అయింది. దేశం మూడ్ మారితే పాత్రల నిడివీ మారుతుందనడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కర్లేదు. అలాంటప్పుడు ఎప్పుడో ఒకరోజు ఒక క్షురకుడికి, ఒక మహిళా ఖైదీకి, ఒక రంప కొండవాడికి కూడా వంతు రావచ్చు.

ఆ రోజు వస్తే లొకేషన్ వెతుక్కోనక్కర్లేదు. హోప్ టౌన్‌లో సాయంత్రం ఇప్పటికీ కొండ వెనక నుంచే చీకటి పడుతుంది. కావలసిందల్లా పాత్రధారులే.