ఒకే యంత్రము, నాలుగు గదులు

2024 జనవరిలో మేము అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రమున మా అమ్మాయి ఇంట ఉన్నాము. వెలుపల మంచు కురియుచుండెను. ఇంటిలో నాలుగు గదులను వెచ్చగా ఉంచుటకు ఒక హీట్ పంపు కలదు. దానికి వెలుపల ఒక పెద్ద యూనిట్టు, లోపల గదికొకటి చొప్పున గోడకు బిగించిన నాలుగు చిన్న యూనిట్లు. పగలెల్ల అన్ని గదులును వెచ్చగనే ఉండెడివి. రాత్రి పది దాటిన తరువాత మాత్రము మేము పడుకొను మూలగది చల్లబడసాగెను. మా ఇంటావిడకు ఉబ్బసము. చలి తగిలినచో ఆమెకు ఊపిరి ఆడదు. మూడవ రాత్రి ఆమె హాలులో సోఫామీద కూర్చుండియే తెల్లవార్చినది.

మరునాడు వచ్చిన మెకానిక్కు పైపైన చూచి, గ్యాసు తగ్గినదని కొంత గ్యాసు నెక్కించి, పెద్ద మొత్తమే పుచ్చుకొని వెళ్లెను. ఆ రాత్రియు గది చల్లబడెను. అసలు దోష మెక్కడనో తరువాత చెప్పెదము. ముందుగా ఈ యంత్రము చేయు పని యేమో తెలిసికొనుట మంచిది. దాని సహజగుణమునకును, దాని జబ్బునకును గల భేద మెరుగని యింట డబ్బును పోవును, నిద్రయు పోవును.

బావిలోని నీటిని మోటారు పుట్టింపదు. ఉన్న నీటిని పైకి తోడును. హీట్ పంపును అట్టిదే. అది వేడిని పుట్టింపదు. వెలుపలి గాలిలోని వేడిని తోడి లోపల పోయును. ఇట్లు చేయవచ్చునని 1852లోనే విలియం థామ్సన్ సూచించెను. తరువాతి కాలమున లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధి చెందిన శాస్త్రజ్ఞు డాయనయే. నీరు గడ్డకట్టు చలిలో వేడి యెక్కడిదని సందేహము కలుగవచ్చును. ఈ యంత్రములలో వాడు ఆర్-410ఏ, ఆర్-32 వంటి ద్రవములు మామూలు వాయుపీడనమున సున్నకు దిగువ సుమారు 51 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరిగిపోవును. అట్టి ద్రవమునకు సున్నకు 10 డిగ్రీలు దిగువన ఉన్న గాలియు పొయ్యి వంటిదే. అది ఆ గాలిలోని వేడిని గ్రహించి ఆవిరియగును; కంప్రెసరు ఆ ఆవిరిని అదిమి మరింత వేడెక్కించును; ఆ ఆవిరి గదిలోని గొట్టములలో వేడిని విడిచి తిరిగి ద్రవమగును. అందుచేతనే, చలి మితముగా ఉన్న దినములలో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు మూడు యూనిట్ల వేడి లభించును. చలి ముదిరిన కొలది ఈ లాభము తగ్గును.

హైదరాబాదు, విజయవాడలలోని స్ప్లిట్ ఏసీ చేయునదియు ఈ పనియే. అది లోపలి వేడిని వెలుపలికి తోడును. హీట్ పంపునకు దిశ మార్చు వాల్వు ఒకటి అదనముగా ఉండుటచేత వేసవిలో చల్లదనమును, శీతకాలమున వెచ్చదనమును ఇచ్చును.

ఇక నాలుగు గదుల సంగతి. గోదావరి కాలువమీద నాలుగు తూములను తలచుకొనుడు. కాలువ ఒకటియే, ఏ చేనికి ఎంత నీరో తూము నిర్ణయించును. ఇక్కడను వెలుపలి యూనిట్టు కాలువ వంటిది. గదికొక వాల్వు తూము వంటిది. కాలువ ఒకేసారి రెండు దిక్కులకు పారదు. కావున ఒక గదివారు వెచ్చదనమును, మరియొక గదివారు చల్లదనమును ఒకేసారి కోరినచో ఈ యంత్రము ఇద్దరిని తృప్తిపరుపజాలదు. సాధారణముగా ముందు మొదలుపెట్టిన గది మాట చెల్లును. రెండవ గదిలోని యూనిట్టు దీపము వెలిగించుకొని ఊరకుండును. అది చెడిపోయినదని కంగారుపడనక్కరలేదు. రిమోటులన్నియు ఒకే దిశలో ఉన్నవేమో చూచుకొన్న చాలును.

జబ్బు కానివి మరి రెండు కలవు. వెచ్చగా వీచుచున్న గాలి హఠాత్తుగా నిలిచి, వెలుపలి యూనిట్టునుండి పొగవలె తెల్లని ఆవిరి లేచుట మొదటిది. వెలుపలి గొట్టములపై పేరిన మంచును కరిగించుటకు యంత్రము కొలది నిమిషములు దిశ మార్చుకొనును. ఆ ఆవిరి కరిగిన మంచుదే. పది నిమిషములు ఓపిక పట్టినచో వెచ్చని గాలి మరల వచ్చును. ఆపివేసిన గదిలోని యూనిట్టు కొద్దిగా వెచ్చగా ఉండుట రెండవది. ద్రవము అందులో నిలిచిపోకుండుటకై దాని వాల్వును రవ్వంత తెరచి ఉంచెదరు.

ఇంటివారు స్వయముగా చేయదగిన సేవలో మొదటిది ఫిల్టరును శుభ్రపరచుట. యంత్రమును ఆపి, మూత యెత్తి, ఫిల్టరును తీసి గోరువెచ్చని నీటితో కడిగి, నీడను ఆరబెట్టి మరల అమర్చవలెను. బాగుగా వాడుక ఉన్న కాలమున రెండు వారముల కొకసారి చూచుట మంచిది. మనవారి వంటింటి పోపు పొగలోని నూనె జిడ్డు దుమ్ముతో కలిసి ఫిల్టరును అట్టకట్టించును. అట్టి యింట ఇంకను తరచుగా చూడవలెను. గాలి సరిగా ఆడని యంత్రము మిక్కిలి శ్రమపడి తక్కువ వేడి నిచ్చును.

రెండవది, వెలుపలి యూనిట్టు చుట్టును గాలికి దారి విడుచుట. ఆకులు, మంచుదిబ్బలు దానిని కప్పివేయరాదు. నేలమీద కాక స్టాండుమీద నిలిపినచో కరిగిన నీరు క్రిందికి పోవును. మంచు గడ్డకట్టినదని కత్తితోను, ఇనుపకడ్డీతోను పొడువరాదు; లోపలి రేకులు పలుచనివి, గొట్టము చిల్లుపడినచో గ్యాసంతయు పోవును. మూడవది, వేసవిలో గది యూనిట్టునుండి కారు నీటి గొట్టమును పూడుకొనకుండ చూచుట. గోడవెంట నీరు కారినచో మొదట అనుమానింపవలసినది ఆ గొట్టమునే.

ఇన్ని చేసినను ఒక గది మొరాయించినచో ఏమి చేయవలెను? నాలుగు గదులను ఆపి, ఒక్కొక్క గదినే నడిపి చూడవలెను. మా అల్లుడు పిలిచిన రెండవ మెకానిక్కు చేసిన పని ఇదియే. అతడు అన్నిటిని ఆపి, మా మూలగది యూనిట్టు నొక్కదానినే నడిపించెను. పది నిమిషములైనను దానినుండి గాలి రాలేదు. చల్లని గాలి మనుష్యులపై వీచకుండుటకై, గొట్టము వేడెక్కువరకు ఫ్యాను తిరుగదు. ఆపివేసి ఉన్న చదువుగది యూనిట్టు మాత్రము చేయి పెట్టలేనంత వేడిగా ఉండెను. రవ్వంత వెచ్చదనము సహజము. ఇంత వేడి సహజము కాదు. వెలుపలి యూనిట్టు వద్ద ఆ రెండు గదుల తీగలు తారుమారుగా కలిపియుండిరి. మేము వేడి కోరినప్పుడు చదువుగది తూము తెరచుకొనుచుండెను. చదువుగదివారు కోరినప్పుడు మాది. పగలు రెండు గదులును నడుచుటచేత ఎవరికిని తెలియలేదు. రాత్రి పది గంటలకు అల్లుడు చదువుగదిని ఆపుటతోడనే మా తూము మూతపడెను. మేము రాకముందు ఆ మూలగదిలో రాత్రులు పడుకొనువారు లేకపోవుటచేత ఆ దోషము అంతకాలము దాగియుండెను.

తీగలు మార్చుటకు అరగంట పట్టెను. కాని మొదటివాడు అనవసరముగా ఎక్కించిన గ్యాసును తీసివేసి, నిర్ణీతమైన తూకముతో మరల నింపుటకు ఒక పూట పట్టెను; డబ్బును మరల అయ్యెను.

ఇందువలన మేము నేర్చుకొన్న దొకటి కలదు. గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో ఏండ్లతరబడి తిరుగుచుండును. తగ్గినదన్నచో ఎక్కడనో కారినదన్నమాట. ఒక్కొక్క గదికి రెండు గొట్టములు, వాటి కొనలయందు నాలుగు అతుకులు. నాలుగు గదులకు పదహారు. కారిన అతుకును కనుగొనక, తూచి చూడక గ్యాసు నింపుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఆ పని నేర్చినవారిది. అమెరికాలో ఈ గ్యాసును చేపట్టుటకు ప్రభుత్వ యోగ్యతాపత్రము చట్టరీత్యా కావలెను. విద్యుత్తు పెట్టె మూతను ఇంటివారు విప్పరాదు. స్విచ్చి ఆపిన తరువాతను కొంతసేపు లోపల విద్యుత్తు నిలిచియుండును. మిణుకుమను దీపము ఎన్నిమారులు మిణుకుమన్నదో లెక్కించి వ్రాసి ఉంచుకొనుట, ఏ గది ఏ వేళ చల్లబడినదో గుర్తించి చెప్పుట మాత్రము ఇంటివారి పని. మేము మొదటి దినముననే “రాత్రి పది తరువాత మాత్రమే” అన్న మాటను గట్టిగా చెప్పియున్నచో ఆ యింట ఆ శ్రమ అంతయు తప్పియుండెడిది.

తీగలు సరిచేసిన నాటి రాత్రి మా ఇంటావిడ దుప్పటి ఒకటి తీసి ప్రక్కన పెట్టి నిద్రపోయినది.