హైదరాబాదు రంగు హనుమకొండకి ఎలా వెళ్ళింది?

రండర్రా, అరుగు మీదకి ఇంకా ఎండ రాలేదు, ఇలా కూర్చోండి. చిన్నోడా, ఆ వేరుశనక్కాయల పళ్ళెం మధ్యలో పెట్టు. మొన్న మీ అక్క మొహం ముడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుందే, ఎందుకో ఎవరైనా అడిగారా? నేను అడిగాను. అడిగిన పుణ్యానికి రెండు రోజులు నాకు పండగే.

అక్క చదివేది స్టాటిస్టిక్స్ కదా. తెలంగాణ పటం గీసి, 33 జిల్లాలకీ జనసాంద్రతని బట్టి రంగులు వేసింది. 2011 జనాభా లెక్కల్ని కొత్త జిల్లాల ప్రకారం మళ్ళీ కూడిన పట్టిక ఒకటి దొరికిందట. హైదరాబాదులో చదరపు కిలోమీటరుకి 18 వేల మందికి పైనే. కాబట్టి అది ముదురెరుపు, మిగతావన్నీ లేతగా ఉన్నాయి. బాగుంది. అదే పట్టిక, అదే ప్రోగ్రాము స్నేహితురాలికి పంపింది. ఆ అమ్మాయి కంప్యూటర్లో హనుమకొండ ఎర్రబడింది! హైదరాబాదేమో జగిత్యాలలా పాలిపోయింది. "ఒక్క అక్షరం మార్చలేదు తాతయ్యా" అని మా పిల్ల ఏడుపొక్కటే తక్కువ.

ఆ ప్రోగ్రాము రాసింది ఆర్ అనే భాషలో. అవును, ఒంటి అక్షరమే పేరు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అని ఇద్దరు కలిసి మొదలుపెట్టారు. ఇద్దరి పేర్లూ ఆర్‌తోనే మొదలు, చూశారా! బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఎస్ అనే భాషకి ఇది తమ్ముడి వరస. 1.0.0 వెర్షన్ బయటికొచ్చింది 2000 సంవత్సరం ఫిబ్రవరి 29న. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజన్నమాట. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా దింపుకోవచ్చు. ఇంత మంచి పనిముట్టు ఊరికే దొరకడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

సరే, రంగు సంగతికొద్దాం. పెళ్ళిలో బంతి భోజనాలు చూశారుగా. మీ నాయనమ్మ ఒకసారి వడ్డించేవాళ్ళకి వరస చెప్పింది: మొదటి విస్తరికి రెండు బూరెలు, రెండో విస్తరికి ఒకటి, మూడో విస్తరి మీ చక్కెర జబ్బు పెదతాతయ్యది, అక్కడ అసలు వద్దు అని. ఈలోగా మొదట కూర్చున్నాయన చెయ్యి కడుక్కోవడానికి లేచి, తిరిగొచ్చి చివర కూర్చున్నాడు. అందరూ ఒక్కో విస్తరి ముందుకి జరిగారు. పెదతాతయ్య విస్తట్లో బూరె పడింది! వడ్డించినవాడి తప్పేముంది? మనిషిని చూడలేదు, వరస చూశాడు.

అక్క ప్రోగ్రామూ అచ్చంగా అదే చేసింది. పటంలో జిల్లాలు అక్షరక్రమంలో ఉన్నాయి. తన పట్టికని కూడా అక్షరక్రమంలో పెట్టి, ఒకటో రంగు ఒకటో జిల్లాకి, రెండోది రెండోదానికి అంటూ పోయింది. మరి స్నేహితురాలి దగ్గర వరస ఎందుకు జరిగింది? ఇద్దర్నీ ఫోన్లో కూర్చోబెట్టాను. "కారణం తర్వాత వెతుకుదాం, మీ ఇద్దరి దారులూ ఎక్కడ విడిపోయాయో ముందు చూడండి. ప్రోగ్రాములో ఒక్కో మెట్టూ దిగుతూ, పట్టిక మొదటి ఆరు వరసలూ పైకి చదవండి" అన్నాను. మొదటి మెట్టు దగ్గర ఇద్దరిదీ ఒకటే. రెండో మెట్టూ అంతే. అక్షరక్రమంలో పెట్టిన మెట్టు రాగానే అక్క "ఆదిలాబాద్" అంది, ఆ అమ్మాయి "భద్రాద్రి కొత్తగూడెం" అంది. ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు.

పట్టిక రాసినవాళ్ళు ఇంగ్లీషులో ఆదిలాబాదుకి పెద్ద ఏ బదులు చిన్న ఏ కొట్టారు. అంతే! కంప్యూటరుకి అక్షరమంటే అంకె. పెద్ద ఏ 65, పెద్ద జడ్ 90, చిన్న ఏ 97. మన లాప్‌టాప్‌లో భాషా మర్యాదలు నేర్పిన లొకేల్ అనే అమరిక ఉంది. అది నిఘంటువులాగా చిన్న ఏనీ పెద్ద ఏనీ పక్కపక్కనే కూర్చోబెడుతుంది. ఆ అమ్మాయిది లినక్స్ కంప్యూటరు, లొకేల్ దగ్గర "సి" అని మాత్రం ఉంది. దానికి అంకెలే దిక్కు. పెద్దక్షరాలన్నీ అయ్యాకే చిన్నక్షరాలు. ఆదిలాబాదు వెళ్ళి బంతి చివర కూర్చుంది, మిగతా 32 జిల్లాలూ ఒక విస్తరి ముందుకి జరిగాయి. హైదరాబాదు బూరె హనుమకొండకి!

వరసని నమ్మకుండా పేరుని బట్టి జత చేయమన్నాను. చేసేసరికి ఇద్దరి పటాల్లోనూ ఆదిలాబాదు జత దొరక్క బూడిదరంగుకి తిరిగింది. అక్క మళ్ళీ బెంగపెట్టుకుంది కానీ నాకు భలే సంతోషమేసింది. చిన్న ఏ ఉన్న పేరూ పెద్ద ఏ ఉన్న పేరూ వేరని రెండు కంప్యూటర్లూ ఒకే మాట చెప్పాయి మరి. ఇన్నాళ్ళూ దాక్కున్న తప్పు ఇప్పుడు పటం మీదే కనిపిస్తోంది. ఆ ఒక్క అక్షరం దిద్దారు, అయిపోయింది. పేరే మారినా ఇదే తంతు. హనుమకొండకే 2021 దాకా వరంగల్ అర్బన్ అని పేరు. పాత పట్టికతో కొత్త పటం జత చేస్తే అక్కడా బూడిదరంగే వస్తుంది.

పటం ఫైళ్ళ సంగతి ఇంకో సరదా. షేప్‌ఫైల్ అంటారు గానీ అది ఒక ఫైలు కాదు, కుటుంబం. ఎస్‌హెచ్‌పిలో గట్లు, డీబీఎఫ్‌లో పేర్ల పట్టిక, ఎస్‌హెచ్‌ఎక్స్‌లో ఏది ఎక్కడుందో చెప్పే సూచిక, పీఆర్‌జేలో కొలమానం ఉంటాయి. స్నేహితులకి పంపేటప్పుడు కొందరు ఆ ఆఖరిదాన్ని వదిలేస్తారు. అది లేకపోయినా పటం తెరుచుకుంటుంది, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా చిన్నప్పుడు "రెండు కుంచాల వడ్లు" అంటే "ఏ ఊరి కుంచం?" అని అడిగేవాళ్ళు. అలాగే ఈ అంకెలు డిగ్రీలా, మీటర్లా? డిగ్రీల్లో హైదరాబాదు తూర్పుకి 78.5. మీటర్ల కొలతలో అది లక్షల్లో ఉంటుంది. మీటర్ల పటం మీద డిగ్రీల చుక్క పెడితే, పొలంలో పెట్టాల్సిన మొక్కని పొలిమేర అవతల పాతినట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హైదరాబాదు అక్షాంశం 17.4, రేఖాంశం 78.5. గీసేటప్పుడు అడ్డం ముందు కాబట్టి రేఖాంశం ముందు చెప్పడం చాలా ప్రోగ్రాములకి అలవాటు. భూగోళంవాళ్ళు రాసుకున్న నిర్వచనంలో మాత్రం అక్షాంశమే ముందు. పటాల వెనక లెక్కలు చేసే ప్రోజ్ అనే లైబ్రరీ 2019లో 6వ వెర్షన్ నుంచి ఆ నిర్వచనాన్నే పట్టుకుంది. అందుకని కొన్ని ప్రోగ్రాములకి పాత లైబ్రరీ ఉన్న కంప్యూటర్లో ఒక వరసా, కొత్తది ఉన్నచోట ఇంకో వరసా వచ్చాయి. తారుమారైతే మన హైదరాబాదు ఎక్కడ తేలుతుందో తెలుసా? ఉత్తరాన 78.5, తూర్పున 17.4. నార్వేవాళ్ళ స్వాల్‌బార్డ్ దీవుల్లో! ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే మంచుమీద చార్మినార్!

ఇదిగో, అక్క లాప్‌టాప్ తెచ్చింది. నల్గొండ వేసి చూడమ్మా, 17.05, 79.27. తిప్పెయ్... నేలమీదే పడింది, అదీ స్వాల్‌బార్డే! విజయవాడ? 16.5, 80.6... అయ్యో, నీళ్ళలోకి పోయింది, సముద్రం! ఉండండర్రా, తోసుకోకండి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు. చిన్నోడా, నీది ఏ ఊరు?