ఎదురుగాలే మేలు: మహిళల స్కీ జంపింగ్‌పై అపోహలు, వాస్తవాలు

శీతాకాల ఒలింపిక్స్ వచ్చినప్పుడు టీవీలో ఈ దృశ్యం చూసే ఉంటారు. ఎత్తయిన కొండ కొమ్మున ఒక సన్నటి కడ్డీ, దాని మీద హెల్మెట్ పెట్టుకున్న ఓ అమ్మాయి. పక్కన గట్టు మీద నిలబడ్డ కోచ్ గాలి చూసి జెండా కిందికి విసురుతాడు. ఆమె కడ్డీ వదిలేస్తుంది. మనం ‘అమ్మో’ అనేలోగా గాల్లో ఉంటుంది. ఆ తర్వాత నాలుగేళ్ల దాకా ఆ ఆట సంగతే మనకు గుర్తుండదు.

ఆ నాలుగేళ్లూ ఆ అమ్మాయిలు ఏటా ఎగురుతూనే ఉంటారు. నార్వేలో నోటొడెన్, జర్మనీలో బ్రోటెరోడె లాంటి చిన్న ఊళ్లలో కాంటినెంటల్ కప్ అనే పోటీలు జరుగుతాయి. వరల్డ్ కప్ తర్వాతి అంచె అది. మన క్రికెట్‌లో భారత్-ఎ జట్టు ఆడే సిరీస్‌లతో పోల్చుకోవచ్చు: స్టేడియం నిండదు, మరుసటి రోజు పేపర్లో నాలుగు లైన్లు వస్తే గొప్ప. పేపర్ పట్టించుకోని చోట అపోహలకు కొదవుండదు. వాటిలో కొన్ని చూద్దాం.

అపోహ: కాంటినెంటల్ కప్ అంటే మొదటి నుంచీ రెండో తరగతి పోటీయే.

మగవాళ్లకైతే ఇది నిజమే. వాళ్లకు 1979-80 శీతాకాలం నుంచే వరల్డ్ కప్ ఉంది, కాంటినెంటల్ కప్ దాని కింద మెట్టుగానే పుట్టింది. ఆడవాళ్ల కథ వేరు. వాళ్ల కాంటినెంటల్ కప్ 2004-05లో మొదలైంది. అప్పటికి వాళ్లకు వరల్డ్ కప్ లేదు, ప్రపంచ చాంపియన్‌షిప్ లేదు, ఒలింపిక్స్ ఊసే లేదు. పైన ఏమీ లేనప్పుడు అది రెండో అంచె ఎలా అవుతుంది? ఏడు శీతాకాలాల పాటు ప్రపంచంలో మహిళా జంపర్లకు అదే అన్నిటికంటే పెద్ద సిరీస్. పేరు మాత్రం మగవాళ్ల రెండో అరలోంచి తీసి తగిలించారు.

మొదటి ఐదు సీజన్ల టైటిళ్లూ నార్వేకు చెందిన అనెట్ సాగెన్ గెలిచింది. ఆ తర్వాతి రెండూ ఆస్ట్రియా జంపర్ డానియెలా ఇరాష్కో ఖాతాలో పడ్డాయి. 2011 డిసెంబర్ 3న లిల్లెహామర్‌లో మహిళల తొలి వరల్డ్ కప్ పోటీ జరిగింది, అమెరికాకు చెందిన సారా హెండ్రిక్సన్ గెలిచింది. కాంటినెంటల్ కప్ రెండో అంచె అయింది ఆ రోజు నుంచే. ఇప్పుడు పాత పట్టికలు తిరగేసేవాళ్లకు సాగెన్ ఐదు టైటిళ్లు ‘చిన్న కప్పు’ టైటిళ్లలా కనిపిస్తాయి. ఆమె గెలిచిన నాటికి అంతకంటే పెద్ద కప్పు ఎవరూ పెట్టలేదన్న సంగతి పట్టికలో ఉండదు.

అపోహ: వరల్డ్ కప్‌కు పనికిరాని వాళ్లే ఇక్కడ ఎగురుతారు.

వరల్డ్ కప్‌లో ఒక్కో దేశం నుంచి ఇంతమందే అని కోటా ఉంటుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్లోవేనియా లాంటి చోట్ల మంచి జంపర్లు బారులు తీరి ఉంటారు. అక్కడ ఆరో స్థానంలో ఉన్న అమ్మాయి ఇంకో దేశంలో పుట్టి ఉంటే నంబర్ వన్ అయ్యేదేమో. అలాంటివాళ్లు, గాయం నుంచి కోలుకుని మళ్లీ వరుస కడుతున్నవాళ్లు, ఇంకా స్కూలు పరీక్షలు రాస్తున్న పిల్లలు, అందరూ ఇక్కడ కలుస్తారు. పాయింట్ల పట్టిక కూడా వరల్డ్ కప్‌దే: గెలిస్తే 100, రెండో స్థానానికి 80, మూడుకు 60, అలా ముప్పయ్యో స్థానానికి ఒకటి. ముప్పై ఒకటో స్థానానికి సున్నా.

పై అంచె గెలుపులే ప్రతిభకు కొలత అనుకునేవాళ్లు 2014 సోచి ఒలింపిక్స్‌ను ఓసారి గుర్తు చేసుకోవాలి. మహిళలకు స్కీ జంపింగ్‌లో తొలి ఒలింపిక్ పతకాలు అక్కడే ఇచ్చారు. వరల్డ్ కప్‌ను ఊడ్చేస్తున్న జపాన్ అమ్మాయి సారా తకనాషిదే స్వర్ణమని అందరి లెక్క. ఆమె నాలుగో స్థానంలో ఆగిపోయింది. స్వర్ణం అందుకున్న జర్మనీ జంపర్ కరీనా ఫోగ్ట్ అప్పటిదాకా ఒక్క వరల్డ్ కప్ పోటీ కూడా గెలవలేదు. రజతం ఎవరిదో తెలుసా? కాంటినెంటల్ కప్ రెండుసార్లు గెలిచిన ఇరాష్కోదే.

అపోహ: ఎక్కువ దూరం దూకినవాళ్లే గెలుస్తారు.

సగమే నిజం. ప్రతి కొండకూ ఒక లక్ష్యరేఖ ఉంటుంది, దాన్ని కె-పాయింట్ అంటారు. మామూలుగా అక్కడ దిగితే 60 పాయింట్లు. చిన్న కొండల మీద, అంటే 90 మీటర్ల లక్ష్యరేఖ ఉన్నలాంటి వాటి మీద, ఆపైన ప్రతి మీటరుకు రెండు పాయింట్లు కలుస్తాయి, తగ్గితే రెండు పోతాయి. ఇది కాక ఐదుగురు జడ్జీలు ఎగిరిన తీరుకు, దిగిన తీరుకు ఇరవైకి మార్కులు వేస్తారు. అందరికంటే ఎక్కువ, అందరికంటే తక్కువ తీసేసి మిగిలిన మూడూ కలుపుతారు.

లెక్క వేసి చూడండి. ఒకమ్మాయి 95 మీటర్లు దూకింది కానీ రెండు కాళ్లూ పక్కపక్కనే పెట్టి తడబడుతూ దిగింది. దూరానికి 70, ముగ్గురు జడ్జీలు తలా 17 వేస్తే 51, మొత్తం 121. ఇంకొకామె 93 మీటర్లే దూకింది. అయితే ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు పెట్టి, మోకాళ్లు వంచి, చేతులు చాచి పొందికగా దిగింది. దీన్ని టెలిమార్క్ అంటారు. దూరానికి 66, జడ్జీలు తలా 18.5 వేస్తే 55.5, మొత్తం 121.5. రెండు మీటర్లు వెనకబడ్డావిడే అర పాయింటుతో ముందు.

అపోహ: వెనకనుంచి గాలి తోస్తే దూరం వెళ్తారు.

సంక్రాంతికి మేడెక్కి గాలిపటం ఎగరేసిన పిల్లాణ్ని అడగండి, చెప్తాడు. ఎదురుగాలి ఉంటేనే పటం లేస్తుంది. జంపర్ కూడా అంతే. స్కీల చివర్లు విడదీసి ‘వి’ ఆకారంలో పట్టి, ఒళ్లు వాటి మీదికి వాల్చి, తానే ఒక రెక్క అయిపోతుంది. ఎదురుగాలి ఆ రెక్క కిందికి చేరి పైకెత్తుతుంది. వెనకగాలి కిందికి నొక్కుతుంది. అదృష్టం పాలు తగ్గించడానికే 2009 నుంచి గాలిని కొలిచి పాయింట్లు కలపడం, తీసేయడం మొదలుపెట్టారు.

ఇక్కడే ఇంకో మాట. జారుదారి చివర అంచు పైకి లేచి ఉంటుందనీ, అదే జంపర్‌ను ఆకాశంలోకి విసిరేస్తుందనీ చాలామంది అనుకుంటారు. టీవీ కెమెరా కోణం చేసే మాయ అది. నిజానికి ఆ అంచు పది డిగ్రీల అటూ ఇటూగా కిందికే వాలి ఉంటుంది. పైకి లేవాలంటే తొడల బలంతో ఆ క్షణానికి తనే తన్నుకోవాలి. లేచాక కూడా భూమికి మరీ ఎత్తులో ఏమీ ఉండదు. కొండ వాలు ఆమెతో పాటే దిగుతుంటుంది, చాలాసేపు నేల కొద్ది మీటర్ల కిందే ఉంటుంది.

అపోహ: ఇది ఆడవాళ్ల ఒంటికి పడని ఆట.

ఈ మాట అన్నది ఊళ్లో అరుగు మీద కూర్చున్నవాళ్లు కాదు. 2005లో అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్ ఒక రేడియో సంభాషణలో, వైద్యపరంగా ఇది ఆడవాళ్లకు తగినది కాదన్నట్టు మాట్లాడాడు. దిగేటప్పుడు తగిలే దెబ్బ గురించి ఆయన బెంగ. పైన చెప్పిన వాలు సంగతే దానికి జవాబు. జంపర్ పడే దారీ, కొండ వాలూ దాదాపు ఒకే దిక్కున సాగుతాయి కాబట్టి, అంత ఎత్తు నుంచి చదును నేల మీద పడితే తగిలే దెబ్బలో కొంతే ఇక్కడ తగులుతుంది. వాలు అయిపోయి నేల చదునయ్యే చోటు దాకా ఎగిరిపోతేనే ప్రమాదం. అది మగవాళ్లకూ ప్రమాదమే.

చరిత్ర చూసినా ఆ వాదన నిలవదు. నార్వేలోని ట్రిసిల్‌లో ఇంగ్రిడ్ వెస్ట్‌బీ అనే అమ్మాయి 1862లోనే దూకింది. ఆస్ట్రియా ప్రభు కుటుంబానికి చెందిన పౌలా లాంబెర్గ్ 1911లో పొడుగు లంగా కట్టుకుని 22 మీటర్లు దూకింది. ఇరాష్కో 2003లో కుల్మ్ కొండ మీద 200 మీటర్లు దూకింది, అంతదూరం వెళ్లిన తొలి మహిళ ఆమే. అంటే కాస్పర్ ఆ మాట అనేటప్పటికి ఆమె దిగి రెండేళ్లయింది.

వద్దనడానికి ఇంకో సాకు కూడా ఉండేది: పోటీదారులు తక్కువట. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌కు మహిళలను కాదన్నది ఆ లెక్కతోనే. వేదికే ఇవ్వకుండా జనం లేరనడం ఏం న్యాయమో! కొందరు జంపర్లు కెనడాలో కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని జడ్జి ఒప్పుకుంది, కానీ నిర్ణయం ఒలింపిక్ కమిటీది, అది తమ చట్టం చేతికి అందదని తేల్చింది. ఆ కేసు వేసినవాళ్లలో ఒకరైన లిండ్సే వాన్ 2009లో మహిళల తొలి ప్రపంచ చాంపియన్. వాంకూవర్ క్రీడల కోసం కట్టిన చిన్న కొండ మీద అప్పటికి అత్యధిక దూరం రికార్డు, మగవాళ్లను కలుపుకుని చూసినా, ఆమెదే.

అపోహ: మంచు కరిగితే సీజన్ ముగిసినట్టే.

కాదు, ఎండాకాలంలోనూ ఎగురుతారు. వాలు మీద ప్లాస్టిక్ పీచు చాపలు పరిచి నీళ్లు చల్లుతారు. తూర్పు జర్మనీకి చెందిన హాన్స్ రెన్నర్ 1950లలో కనిపెట్టిన ఉపాయం ఇది. కాంటినెంటల్ కప్‌కు విడిగా వేసవి సీజన్ కూడా ఉంది.

అపోహ: ఇదంతా పాత కథ, ఇప్పుడు అందరికీ సమానమే.

చాలా మారిందన్నది నిజం. నికా ప్రెవ్ట్స్ అనే స్లోవేనియా అమ్మాయి 2025 మార్చిలో వికెర్సున్‌లో 236 మీటర్లు ఎగిరింది. తకనాషి గెలిచినన్ని వరల్డ్ కప్ పోటీలు మగవాళ్లలో కూడా ఎవరూ గెలవలేదు. అయితే 2024 చివర్లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన మహిళల అర్హత పోటీలో గెలిచిన సెలీనా ఫ్రైటాగ్‌కు ఏం బహుమతి దక్కిందంటే, షాంపూ, షవర్ జెల్, నాలుగు తువ్వాళ్లు. అదే మగవాళ్ల అర్హత పోటీ గెలిస్తే దాదాపు మూడు వేల యూరోలు. అదీ రెండో అంచెలో కాదు, పై అంచెలోనే.

స్కీ జంపింగ్‌కు తోడుగా మంచు మీద పరుగు కూడా ఉండే ఆటను నార్డిక్ కంబైన్డ్ అంటారు. అందులోనూ మహిళలకు ముందు కాంటినెంటల్ కప్ వచ్చింది, ఆ తర్వాత 2020 డిసెంబర్‌లో వరల్డ్ కప్ వచ్చింది. 2026 మిలానో-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్ జాబితాలో మహిళల పోటీ లేని ఆట ఒకే ఒక్కటి. అది నార్డిక్ కంబైన్డ్.