తొడ మీద గీత చెప్పే కబురు

మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగరడం చాలామందికి తెలుసు. మగవారిలో అలాంటి ప్రతీకార చర్య ఇంకొకటి ఉంది. తొడ లోపలివైపు, పైభాగాన చర్మం మీద మెల్లగా గీస్తే ఆ వైపు వృషణం చటుక్కున పైకి లేస్తుంది. దాన్ని లాగేది క్రెమాస్టర్ అనే పలుచని కండరం. వీర్యకణాలు తయారవడానికి ఒంటి వేడికన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ కావాలి. చలేస్తే వృషణాన్ని ఒంటికి దగ్గరగా లాగేదీ, ఉక్కపోస్తే కిందికి వదిలేదీ ఈ కండరమే.

గీసిన స్పర్శ గజ్జల దగ్గరి నరాల గుండా వెన్నుపాములో నడుము భాగానికి (ఎల్1, ఎల్2) చేరుతుంది. కండరానికి ఆదేశం జెనిటోఫెమొరల్ నరం మీదుగా వస్తుంది. ఈ దారిలో ఎక్కడ దెబ్బ తగిలినా కదలిక పోవచ్చు.

వైద్యులకు దీని అవసరం ఎక్కువగా పడేది వృషణం మెలిపడినప్పుడు. కొందరికి పుట్టుకతోనే వృషణం చుట్టూ పట్టు సరిగా ఉండదు. గంటలో నాలుకలా వేలాడుతుంది. అది గిర్రున తిరిగితే రక్తనాళాలు మెలిపడి రక్తం ఆగిపోతుంది. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లలో ఇది ఎక్కువ. అప్పుడు ఆ వైపు గీసినా కదలిక సాధారణంగా రాదు. ఇన్ఫెక్షన్ వల్ల వాచినప్పుడు మాత్రం చాలావరకు వస్తుంది. 1984లో వెలువడిన అధ్యయనంలో రాబినోవిట్జ్ అనే వైద్యుడు వృషణ వాపుతో వచ్చిన 245 మంది బాలురను పరిశీలిస్తే, మెలిపడ్డవారెవరిలోనూ ఆ కదలిక లేదు.

అయితే దీన్నే నమ్ముకుంటే పొరపాటు. పసిపిల్లల్లో, ముఖ్యంగా రెండేళ్లలోపు వారిలో, ఏ జబ్బూ లేకున్నా ఇది కనిపించకపోవచ్చు. మెలిపడినా కదలిక ఉన్న కేసులు తర్వాతి కాలంలో నమోదయ్యాయి. అందుకే అనుమానముంటే డాప్లర్ స్కాన్ చేస్తారు. లక్షణాలు స్పష్టంగా ఉంటే స్కాన్ కోసం ఆగకుండా ఆపరేషన్‌కి తీసుకెళతారు.

గడువు తక్కువ. ఆరు గంటల్లోపు మెలిక విప్పితే వృషణం దక్కే అవకాశం చాలా ఎక్కువ. ఇరవైనాలుగు గంటలు దాటితే చాలా తక్కువ. ఆపరేషన్‌లో రెండో వృషణాన్నీ కుట్టి కదలకుండా చేస్తారు, ఎందుకంటే పట్టు లోపం తరచు రెండువైపులా ఉంటుంది.

కుర్రాళ్లు సిగ్గుపడి కడుపునొప్పి అని మాత్రమే చెబుతారు, వాంతులూ అవుతాయి. పెద్దలు వేడి చేసిందనుకుని మజ్జిగ తాగిస్తారు. నొప్పి హఠాత్తుగా మొదలైతే కిందెక్కడైనా నొప్పి ఉందా అని నేరుగా అడగండి. ఉందంటే తెల్లారేదాకా ఆగకుండా సర్జన్ ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి.