క్యాచ్ క్యాన్ బిగించడం ఈజీ, పైపు ఎటు పెట్టారన్నదే అసలు మ్యాటర్

నా టర్బో పెట్రోల్ కారుకి నేనే ఆయిల్ క్యాచ్ క్యాన్ బిగించాను. మూడో రోజు హైదరాబాద్ ఓఆర్ఆర్ మీద ఓవర్‌టేక్ చేద్దామని గట్టిగా తొక్కా. కాలిన ఆయిల్ వాసన! పక్కకి ఆపి బానెట్ ఎత్తితే డిప్‌స్టిక్ పైకి తన్నుకొచ్చి ఉంది. చిమ్మిన ఆయిల్ వేడి ఎగ్జాస్ట్ మీద పడి పొగ. అలాగే నడిపుంటే మంట అంటుకునేదేమో. తప్పు క్యాన్‌ది కాదు, నాది.

ముందు బేసిక్స్ చూద్దాం. పిస్టన్ రింగ్స్ సందుల్లోంచి కొంత గ్యాస్ క్రాంక్‌కేస్‌లోకి జారుతుంది. దీన్నే బ్లోబై అంటారు. అందులో ఆయిల్ తుంపర, నీటి ఆవిరి, కాలని పెట్రోల్ ఉంటాయి. పీసీవీ సిస్టమ్ దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకే పంపిస్తుంది. పోర్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వ్‌ల మీద పడి వాటిని కడుగుతుంది. జీడీఐ లాంటి డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది కాబట్టి వాల్వ్‌ల మీద కార్బన్ పేరుకుంటుంది. క్యాన్ ఆ ఆయిల్‌ని మధ్యలోనే చాలావరకు పట్టేస్తుంది. అంతే, పాత కార్బన్‌ని మాత్రం తీయదు.

ఇప్పుడు అసలు పాయింట్. చాలా టర్బో ఇంజిన్లకి ఊపిరి దారులు రెండు. ఒకటి, పీసీవీ వాల్వ్ నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి. ఐడిల్‌లో, నెమ్మదిగా నడిపేటప్పుడు అక్కడ వాక్యూమ్ ఉంటుంది, గ్యాస్‌ని లాగుతుంది. రెండోది, వాల్వ్ కవర్ నుంచి టర్బోకి ముందున్న ఇన్‌టేక్ పైపుకి. బూస్ట్ వచ్చినప్పుడు మానిఫోల్డ్‌లో ప్రెషర్ ఉంటుంది, పీసీవీ వాల్వ్ మూసుకుంటుంది, గ్యాస్ రెండో దారిలో పోతుంది.

నేనేం చేశానంటే, "క్యాన్ ఉందిగా, ఈ వాల్వ్ ఎందుకు" అని పీసీవీ వాల్వ్ పీకేసి మామూలు ఫిట్టింగ్ పెట్టా. కోడ్‌లో ఒక ఇఫ్ కండిషన్ అర్థం కాక డిలీట్ చేసినట్టు! బూస్ట్ మొత్తం క్యాన్ గుండా క్రాంక్‌కేస్‌లోకి దూరింది. డిప్‌స్టిక్‌తో పోయింది నా అదృష్టం, ఆయిల్ సీల్ పోయుంటే బిల్లు వేరేలా ఉండేది.

అందుకే ఇవి గుర్తుపెట్టుకోండి:

1. మానిఫోల్డ్ దారిలో పెడితే ఒరిజినల్ పీసీవీ వాల్వ్ ఉండాల్సిందే. తీసి, శుభ్రంగా తుడిచి నోటితో ఊదండి. ఇంజిన్ వైపు నుంచి మానిఫోల్డ్ వైపు గాలి పోవాలి, వెనక్కి రాకూడదు.

2. క్యాన్‌లో ఇన్, అవుట్ తిప్పేయకండి. లోపల బ్యాఫిల్ లేని ఖాళీ డబ్బా కొనకండి, ఆయిల్ అలాగే దాటిపోతుంది.

3. ఆయిల్‌కి, వేడికి తట్టుకునే హోస్ వాడండి. సైజు ఒరిజినల్ కన్నా సన్నగా ఉండకూడదు, వాక్యూమ్‌కి నొక్కుకుపోకూడదు.

4. క్యాన్ నిటారుగా, టర్బోకి దూరంగా ఉండాలి. హోస్ మధ్యలో వేలాడితే ఆయిల్ అక్కడే నిలుస్తుంది.

5. అవుట్ పైపుని గాల్లోకి వదిలేయకండి. పొల్యూషన్ ఒకటి, పైగా చాలా కార్లలో లెక్కలో లేని గాలి దూరి చెక్ ఇంజిన్ లైట్ వెలుగుతుంది.

బిగించాక ఐడిల్‌లో ఆయిల్ క్యాప్ తీసి, ఆ మూతి మీద పల్చటి గ్లవ్ తొడగండి. కొంచెం లోపలికి లాగితే ఓకే. బుడగలా ఉబ్బితే ఆపేసి పైపులన్నీ మళ్లీ చూడండి.

మొదటి 1000 కిలోమీటర్లలోపే ఒకసారి క్యాన్ తెరవండి. పాలు కలిపిన కాఫీలాంటి ద్రవం కనిపిస్తే కంగారు పడకండి, నీళ్లూ ఆయిలూ కలిసింది. ఇంజిన్‌లో మళ్లీ పోయకండి, డ్రైనేజీలోనూ పోయకండి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజ్‌లో ఇవ్వండి.

కారు వారంటీలో ఉంటే బిగించే ముందే రూల్స్ చదవండి. నేను చదవలేదు, అది ఇంకో ఎపిసోడ్. బై!